ఓడకీ బండికీ మధ్య

"ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి" అని మనవాళ్ళు అంటూ వుంటారు. కలిమిలేములు ఒకచోట కుదురుగా వుండవని చెప్పడానికి ఇంతకంటె పొట్టి మాట నాకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా దీన్ని క్లాసులో చెబుతున్నాను. ఓడను గట్టెక్కించాక బండిమీద తీసుకుపోతారు, బండిని ఏరు దాటించాలంటే పడవ ఎక్కిస్తారు, అదీ తాత్పర్యం అని చెప్పి, పిల్లలు రాసుకున్నారో లేదో ఓసారి చూసి, పేజీ తిప్పేస్తాను. ఓడ బండి ఎక్కాక, ఆ బండిని లాగే దానికీ దీనికీ మధ్య పట్టుకుని వున్నదేమిటి అని ఏ పిల్లవాడూ అడగలేదు. నాకూ తోచలేదు. ఆ ప్రశ్న 2024 వేసవి సెలవుల్లో, అమెరికాలో, మా బావమరిది ఇంటి ముంగిట ఎదురైంది.

మా బావమరిది టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ పట్టణానికి శివారున వుంటున్నాడు. కంప్యూటర్ల ఉద్యోగం. గోదావరి ఒడ్డున పుట్టినవాడు గనక నీళ్ళు కనిపించకపోతే ప్రాణం కొట్టుకుంటుందని ఎప్పుడూ అనేవాడు. అక్కడికి ఉత్తరాన గంట పైచిలుకు ప్రయాణంలో టెక్సోమా అని పెద్ద జలాశయం వుంది. రెడ్ రివర్, అంటే ఎర్రేరు అనుకోండి, దానికి 1940లలో డెనిసన్ దగ్గర ఆనకట్ట కట్టినప్పుడు ఏర్పడింది. ఒక గట్టు టెక్సాస్, ఒక గట్టు ఓక్లహోమా. సెలవురోజు వస్తే జనం పడవలు బళ్ళకు తగిలించుకుని అక్కడికి బారులు తీరుతారు. ఆ బారులు చూసి చూసి మావాడు కూడా ఒక పడవ కొన్నాడు. మేం దిగేసరికి అది ఇంటి ముందు రెండిరుసుల ట్రైలరు మీద కూర్చుని వుంది. పాతదే అయినా తెల్లగా, ఇరవైమూడడుగుల పొడవున, మా కాలేజీ స్టాఫ్ రూము కంటె పెద్దదిగా కనిపించింది.

"బావగారూ, శనివారం అందరం వెడుతున్నాం. అక్కయ్యకి నీళ్ళంటే భయమని తప్పించుకోడానికి వీల్లేదు" అన్నాడు.

మా ఆవిడ పడవవైపు చూసి, "నీళ్ళంటే భయం లేదురా. నీళ్ళదాకా వెళ్ళడమంటేనే భయం" అంది. అంతా నవ్వాం. నవ్వినందుకు తరవాత సిగ్గుపడ్డాను.

బండికీ ట్రైలరుకీ వేసే లంకెను అక్కడ హిచ్చి అంటారు. మన భాషలో కొక్కెం అనుకోవచ్చు గాని అది ఒక్క వస్తువు కాదు, నాలుగు. బండి వెనక, అడుగున వుండే చట్రానికి బోల్టులతో బిగించే ఉక్కు గొట్టం ఒకటి. చదరంగా నోరు తెరుచుకుని వుంటుంది, దాన్ని రిసీవరంటారు. ఆ నోట్లోకి దూర్చి, అడ్డంగా ఒక చీల దోపే ఇనుప దూలం రెండోది. దూలం కొసన నిలబెట్టి, కింద మర బిగించిన గుండు మూడోది. ట్రైలరు ముందుకొసన ఆ గుండుమీద బోర్లించి తాళం వేసే టోపీ నాలుగోది, దాన్ని కప్లరంటారు. ముందు పోయే ఏడుగురు మనుషులకూ, వెనక వచ్చే పడవకూ నడుమ సంబంధమంతా బత్తాయికాయంత గుండుమీద వుంటుందన్నమాట.

మావాడు ఈ సామగ్రి అంతా ముందే తెప్పించి, మెకానిక్కు చేత బిగించి పెట్టుకున్నాడు. అట్టపెట్టె కూడా దాచాడు. దానిమీద పెద్ద అక్షరాలతో "హెవీ డ్యూటీ" అనీ, ఇంకా పెద్ద అంకెలతో 10,000 అనీ వుంది. అక్కడి తూకం పౌన్లలో. పదివేల పౌన్లంటే మన లెక్కన నాలుగున్నర టన్నులు.

"పడవ 4,500 పౌన్లు. కొక్కెం పదివేలు లాగుతుంది. రెండింతలకు పైగా కొన్నాను బావగారూ! ఇలాంటి వాటిలో పీనాసితనం పనికిరాదు" అన్నాడు. నేను మెచ్చుకున్నాను. రెండింతలంటే మనకు అంతకంటె ఏం కావాలి?

శుక్రవారం సాయంకాలం పక్కింటి పెద్దాయన కంచె దగ్గరికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, జన్మంతా పడవలు లాగినవాడు. పడవను మెచ్చుకున్నాడు, మా ఊరు గురించి అడిగాడు, కుక్కను గదమాయించాడు. ఆ తరవాత తాపీగా మావాణ్ణి ఒక ప్రశ్న వేశాడు. గుండు మీద ఏం రాసి వుంది అని.

గుండు మీద రాత వుంటుందని మావాడికి తెలియదు. ముగ్గురం వంగి చూశాం. నెత్తిన సన్నగా, ఉక్కులోనే కొట్టి వుంది: 2 అంగుళాలు, 3,500 పౌన్లు.

మావాడి మొహం ఒక్కసారి వాడింది. కొలత రెండంగుళాలు, ట్రైలరు టోపీ కూడా రెండంగుళాలే, బాగా కుదిరింది గనక సరిపోయిందనుకున్నాడు. పెద్దాయన వివరంగా చెప్పాడు. ఒకే రెండంగుళాల గుండుకు కింది కాడ ముప్పావంగుళం వుండవచ్చు, అంగుళం వుండవచ్చు, అంగుళంపావు వుండవచ్చు. సన్నకాడ గుండు మామూలుగా 3,500 దగ్గర ఆగిపోతుంది, అంగుళం కాడది 6,000 వరకు వస్తుంది, ఆ పైది 8,000 వరకు. పైకి చూస్తే అన్నీ ఒకే నునుపు, ఒకే మెరుపు. ఇంకో ప్రమాదం కూడా చెప్పాడు. గుండు ఒకటీ ఏడు బై ఎనిమిది అంగుళాలదై, టోపీ రెండంగుళాలదైతే, బోర్లించి తాళం వేసినప్పుడు కుదిరినట్టే వుంటుంది. రోడ్డుమీద ఒక్క గుంత తగిలితే టోపీ ఎగిరి వచ్చేస్తుంది. కుదిరినట్టు కనిపించడం వేరు, కుదరడం వేరు.

తరవాత ఆయన నేలమీద పడుకుని, టార్చి వేసి రిసీవరు మీది చీటీ చదివాడు. ఆ చీటీలో ఒకటి కాదు, రెండు వరసలున్నాయి. ట్రైలరు భారం నేరుగా గుండుమీద మోస్తే 6,000, నాలుకమీద 600. భారం పంచే కడ్డీలు వేసుకుంటే 10,000, నాలుకమీద 1,000. ఆ కడ్డీలు వేరే కొనుక్కోవాలి. వెనక పడే బరువును అవి ముందు చక్రాలకూ, ట్రైలరు చక్రాలకూ సర్దుతాయి. ఇంటిలా కట్టిన ట్రైలర్లకు అవి మామూలే గాని, పడవ ట్రైలర్లలో చాలా వాటికి కుదరవు. అట్టపెట్టెమీద పెద్దగా అచ్చువేసింది రెండో వరస. మా పడవకు వర్తించేది మొదటి వరస. అందులో అబద్ధం లేదు. సగం చదివితే అబద్ధమవుతుంది, అంతే. సంధులు సమాసాలు చెప్పుకు బతికేవాణ్ణి గనక ఆ సంగతి నాకే ముందు తట్టివుండవలసింది.

ఇక చివరి దెబ్బ. పెద్దాయన మావాడి కారుకు సంబంధించిన పుస్తకం తెమ్మన్నాడు. మూడు వరసల సీట్ల పెద్దకారు అది. అందులో ఒక మూల వుంది: లాగగలిగిన బరువు 5,000 పౌన్లు, నాలుకభారం 500.

"అంటే పదివేల కొక్కెం బిగించినా..." అన్నాడు మావాడు.

కారుకు బలం రాదు. అయిదువేల కారుకు పదివేల కొక్కెం తగిలిస్తే అది అయిదువేల కారే. కింద 3,500 గుండు తగిలిస్తే అది 3,500 కారు. లంకెలో ఎన్ని కణుపులున్నా చిన్న అంకె ఎక్కడుందో అదే దాని బలం. కొక్కేలు అమ్మేచోట వాటిని అయిదు తరగతులుగా పేర్చి పెడతారు. మొదటి తరగతి 2,000 పౌన్లు, రెండోది 3,500, మూడోది 8,000 దాకా, నాలుగోది 10,000 నుంచి 12,000 దాకా, అయిదోది ఆ పైన. మొదటి రెంటికీ రిసీవరు నోరు మామూలుగా అంగుళంపావు, మూడు నాలుగు తరగతులకు రెండంగుళాలు, ఆ పైన రెండున్నర. కాని తరగతి చూసి కొనడం చివరిపని. మొదటిపని, లాగవలసింది ఎంతో తెలుసుకోవడం.

అదీ మాకు తెలియదని ఆ సాయంకాలమే తేలింది. 4,500 అన్నది పడవ అమ్మేకాగితం మీది అంకె. దాన్ని ఎండుబరువు అంటారు. అంటే పెట్రోలు పొయ్యకముందు, ట్రైలరు ఎక్కించకముందు పడవ బరువు. పెద్దాయన శనివారం పొద్దున్నే తన ట్రక్కుకు మా పడవ తగిలించి, లారీలు ఆగేచోట వున్న కాటామీదికి తీసుకువెళ్ళాడు. వాళ్ళ కాటా మూడు పలకలుగా వుంటుంది. ట్రక్కు ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి, ట్రైలరు చక్రాలకొకటి. ట్రైలరు చక్రాలమీద పడిన బరువు 6,020 పౌన్లు వచ్చింది. తరవాత పడవను విప్పి పక్కన పెట్టి వట్టి ట్రక్కును మళ్ళీ తూచాడు. పడవ తగిలించినప్పటికీ విప్పినప్పటికీ ట్రక్కు బరువులో తేడా 580. అదీ నాలుకభారం. రెండూ కలిపితే 6,600.

ఎండుబరువుకు పైన 2,100 పౌన్లు ఎక్కడివి? ట్రైలరు ఒక్కటే 1,200. వాళ్ళ గాలను పెట్రోలు ఆరు పౌన్లు తూగుతుంది, యాభై గాలన్ల తొట్టి నిండితే 300. మిగతా ఆరువందలూ మన సంసారం: రెండు బ్యాటరీలు, లంగరు, మోకులు, ప్రాణరక్షణ చొక్కాలు, మంచుపెట్టె, పిల్లలు లాగించుకునే గాలిపరుపు, పాత యజమాని వదిలేసిన ఇనపసామాను. మా చెల్లెమ్మ, అంటే బావమరిది భార్య, పులిహోర గిన్నెలు ఇంకా ఎక్కించనేలేదు.

6,600 పౌన్లంటే మూడు టన్నులు. నాకు టన్నుల లెక్క అందదు గాని బస్తాల లెక్క అందుతుంది. డెబ్బైఅయిదు కిలోల ధాన్యం బస్తాలు నలభై. నలభై బస్తాలు వెనక కట్టుకుని, గంటకు అరవై మైళ్ళ వేగంతో, కారునిండా పిల్లలతో, 3,500 గుండుమీద నమ్మకంతో మేం శనివారం బయలుదేరబోయాం.

ఆ నాలుకభారం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ట్రైలరు బరువులో ఎంతోకొంత భాగం ముందుకు, గుండుమీదికి మొగ్గివుండాలట. మామూలు ట్రైలర్లకు వందకు పది నుంచి పదిహేను వంతులు. యంత్రం వెనక వుండే పడవలకు అయిదు నుంచి పది వరకూ సాధారణమంటారు. మాది వందకు తొమ్మిదికి కాస్త తక్కువ. మరీ ఎక్కువైతే బండి వెనకభాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు మాట వినదు. మరీ తక్కువైతే వేగం అందుకోగానే ట్రైలరు తోకాడిస్తుంది. అలా ఊగడం మొదలుపెడితే బెదిరి గట్టిగా బ్రేకు తొక్కకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు. నిటారుగా పట్టుకుని, గ్యాసుమీద కాలు మెల్లగా తియ్యాలి.

ఈ మాటలు ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే నాకు మా తాతయ్యగారి పాలేరు గొంతు వినిపించింది. నా చిన్నతనంలో, 1980లలో, మా ఇంట ఎడ్లబండి వుండేది. బస్తాలు వేసేటప్పుడు అతను మొదటి బస్తాలు ఇరుసుమీదికి వేయించేవాడు. తరవాత ముందుకొకటి, వెనక్కొకటి. అంతా అయ్యాక, ఎడ్లను కట్టకముందు, నొగ కొస చేత్తో ఎత్తి చూసేవాడు. చేతికి కాస్త బరువు తగలాలి. మరీ బరువైతే ఎడ్ల మెడలు పుళ్ళు పడతాయి. బొత్తిగా తేలిపోతే ఇంకా ప్రమాదం. ఎందుకు ప్రమాదమో నేనొకసారి కళ్ళారా చూశాను.

ఒక కోతలరోజున మబ్బు పట్టింది. అతను పొలంలో ఇంకోవైపు వున్నాడు. మా చిన్నాన్నలు తొందరపడి తామే బస్తాలు వేశారు, చేతికి అందినట్టు వెనకవైపే. బండి కాలవగట్టు ఎక్కుతుంటే బరువు వెనక్కి మొగ్గింది. నొగ ఆకాశానికి లేచింది. కాడితోపాటు ఎడ్ల మెడలు పైకి లేచి, పలుపులు గొంతులకు బిగుసుకున్నాయి. ఎడ్లకు అరుపు కూడా రాలేదు. అతను పరుగున వచ్చి కొడవలితో పలుపులు కోసేశాడు. ఒక ఎద్దు లేచింది. రెండోది లేచింది గాని మళ్ళీ కాడి కట్టనివ్వలేదు. ఆ రాత్రి అతను అన్నం తినలేదు. ఎవరినీ ఏమీ అనలేదు. నొగ ఎత్తి చూడకుండా కట్టారా అని ఒక్కమాట మాత్రం అడిగాడు, మా తాతయ్యగార్ని. ఆయన తలవంచుకున్నారు.

అమెరికాలో ఒక కాటా పక్కన నిలబడి ఈ కథ మా బావమరిదికి చెప్పాను. అప్పటిదాకా వాడు లోపల కుతకుతలాడుతున్నాడు. శనివారం పోయింది, సెలవు పోయింది, పిల్లల మొహాలు చిన్నబోయాయి, అందరిముందూ తన లెక్క తప్పిందని తేలింది. "ఇక్కడ ఎంతమంది ఇంతకంటె చిన్నకార్లతో లాక్కుపోతున్నారు బావగారూ! నిదానంగా పోతే ఏమవుతుంది?" అని పొద్దుట రెండుసార్లు అన్నాడు. కథ విన్నాక ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి కారులోంచి సామానంతా దించేశాడు. చెల్లెమ్మ పులిహోరను పెరట్లో చెట్టుకింద పెట్టింది. "అన్నయ్యగారూ, పడవ ఎక్కలేకపోయినా పడవ పక్కన కూచుని తిందాం" అంది. మూడు టన్నుల పడవ నీడలో కూచుని తిన్నాం. రుచిగానే వుంది.

ఆ వారమంతా వాడు లెక్కలు వేశాడు. పడవ అమ్మెయ్యడమా, ఏడాది పొడుగునా చెరువు దగ్గరే అద్దెకు కట్టేసుకోవడమా, బండి మార్చడమా? చివరికి పాత కారిచ్చి, ఒక పాత పికప్పు ట్రక్కు తీసుకున్నాడు. దానికి రిసీవరు లేదు. ఈసారి కొక్కెం ఎంచుకోవడంలో పెద్దాయన గురువు, మావాడు శిష్యుడు, నేను లేఖకుణ్ణి. అక్కడున్న బంధువులు పడవ కొంటున్నామని రాస్తే మీరు తిరిగి రాయడానికి పనికివస్తుందని ఆ క్రమం ఇక్కడ పెడుతున్నాను.

మొదట బండి. ట్రక్కు పుస్తకం ప్రకారం అది 9,000 పౌన్లు లాగుతుంది. 6,600కు అది చాలినట్టే. కాని డ్రైవరు తలుపు తెరిస్తే కమ్మీమీద ఒక చీటీ వుంటుంది. మనుషులూ సామానూ కలిసి ఇంతకు మించకూడదని దానిమీద రాసి వుంటుంది. ఈ ట్రక్కుకు అది 1,620. గుండుమీద పడే 580 కూడా ఇందులోకే వస్తుంది. ఆ సంగతి చాలామంది మరిచిపోతారు. అయిదుగురు మనుషులకు 800 వేస్తే 1,380. మిగిలింది 240, అందులోనే సామానంతా. అందుకని ఏడుగురం ఒక బండిలో వెళ్ళే ఆలోచన మానుకున్నాం. ఇద్దరం పెద్దాయన బండిలో.

రెండోది రిసీవరు. నాలుగో తరగతిది, రెండంగుళాల నోటిది, ఆ ట్రక్కు నమూనాకే చేసినది తీసుకున్నారు. చీటీలో చూసింది మొదటి వరస: కడ్డీలు లేకుండా 10,000, నాలుకమీద 1,000. కొన్ని ట్రక్కులకు 5,000 దాటితే కడ్డీలు తప్పనిసరి అని పుస్తకంలోనే వుంటుంది. ఈ ట్రక్కుకు ఆ షరతు లేదని చూసుకున్నాకే కొన్నారు. చట్రంలో ముందే వున్న రంధ్రాలకే బోల్టులు పట్టాయి, కొత్తగా తొలవలేదు, అతుకు వెయ్యలేదు. బోల్టు ఎంత బిగువుగా వుండాలో రాసి వుంటుంది, అంత బిగువూ కొలిచే రెంచితో బిగించారు.

మూడోది దూలం. ట్రైలరు నేలకు సమంగా నడవాలి. ముక్కెత్తినా తప్పే, దించినా తప్పే. చదునైన చోట రిసీవరు నోటి పై అంచు ఎత్తు కొలిస్తే ఇరవైఒక్క అంగుళాలు. ట్రైలరును మట్టంగా నిలిపి టోపీ అడుగు ఎత్తు కొలిస్తే పదిహేడు. తేడా నాలుగు. అంచేత నాలుగంగుళాలు కిందికి దిగిన దూలం. దానిమీదా 10,000 కొట్టి వుంది. అడ్డచీల అయిదు బై ఎనిమిది అంగుళాలది, కొసన పిన్నుతో.

నాలుగోది గుండు. రెండంగుళాలది, కాడ అంగుళంపావు, 8,000. దూలం రంధ్రం కూడా సరిగ్గా ఆ కాడకే. టోపీమీద 7,000 అని వుంది. ఆ ఏడువేలే మా లంకె మొత్తానికి చిన్న అంకె. 6,600కు అది సరిపోతుంది, మిగులు మాత్రం నాలుగువందలే. కనక పాత ఇనపసామాను దించేశారు, పెట్రోలు చెరువు దగ్గరే పోసుకుందామనుకున్నారు.

అయిదోది గొలుసులు. టోపీ ఊడినా ట్రైలరు విడిపోకుండా రెండు గొలుసులుంటాయి. వాటిని టోపీకింద కత్తెరలా అడ్డంగా దాటించి తగిలించాలి. ఊడిన నాలుక రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ కత్తెర ఉయ్యాలలా పట్టుకుంటుంది. మలుపుల్లో బిగియకుండా, నేలకు రాసుకోకుండా వుండాలి.

ఆరోది బ్రేకులు. టెక్సాస్ చట్టం ప్రకారం బరువుతో కలిసి 4,500 పౌన్లు దాటిన ట్రైలరుకు దాని బ్రేకులు దానికుండాలి. పడవ ట్రైలర్లకు సాధారణంగా తోపుడు బ్రేకులుంటాయి. బండి వేగం తగ్గగానే వెనకవున్న ట్రైలరు ముందుకు తోస్తుంది. ఆ తోపుకే టోపీ కాస్త జరిగి, లోపలి నూనెను నొక్కి, చక్రాలను పట్టుకుంటుంది. నీళ్ళలో మునిగే బండికి కరెంటు తీగల బాధ లేని ఏర్పాటు అది. మా ట్రైలరుకు అవి వున్నాయి గాని నూనె లేదు! పాత యజమాని ఎన్నాళ్ళు అలా నడిపాడో.

రెండు వారాల తరవాత వెళ్ళాం. ముందు రాత్రి నూనె పోసి, చక్రాలకు గ్రీజు పెట్టి, దీపాలు వెలుగుతున్నాయో లేదో మా ఆవిడను వెనక నిలబెట్టి చూశారు. తెల్లవారగట్ల గేటు దాటి యాభై గజాలు పోయి ఆపారు. దిగి, చీల, తాళం, గొలుసులు మళ్ళీ ముట్టుకు చూశారు. దారిలో అరవై దాటలేదు. మధ్యలో పెట్రోలు బంకు దగ్గర దిగి చక్రాల నడిబొడ్డుమీద చెయ్యి వేసి కాలుతోందా అని చూశారు. మా బావమరిది కూతురికి పదేళ్ళు. వాళ్ళ నాన్న చేసినవన్నీ తనూ చేసింది. "మామయ్యా, ఇన్ని నంబర్లు గుర్తుపెట్టుకోవాలా?" అని అడిగింది. ఒక్కటే గుర్తుపెట్టుకో, అన్నిట్లోకీ చిన్నది అన్నాను.

నీళ్ళ దగ్గర వాలుమీద, దీపాల తీగ విప్పి, వెనక్కి వెనక్కి పోయి, పడవ తేలింది. మా ఆవిడ దోసెట్లో నీళ్ళు తీసుకుని గోదావరి నీళ్ళతో పోల్చి పెదవి విరిచింది. సాయంకాలం తిరిగి వచ్చేటప్పుడు తడిసిన పడవను వాలుమీద పైకి లాగుతుంటే నా చెవి అంతా ఆ గుండుమీదే వుంది. కిర్రున ఒక్క చప్పుడు, అంతే. వచ్చేసింది.

సెలవులై కాలేజీ తెరిచాక, ఆ సామెత మళ్ళీ వచ్చింది. ఓడలు బళ్ళవుతాయి అని చదివి, పేజీ తిప్పబోయి ఆగాను. బోర్డు మీద ఒక బండి గీశాను, దాని వెనక ఓడ, రెంటి మధ్యా ఒక చిన్న గుండు. ఆ గుండు ఎంత మోస్తుందో ఎలా తెలుస్తుందని పిల్లల్ని అడిగాను. అప్పుడే వరండాలో పోతున్న మా ప్రిన్సిపాలుగారు కిటికీలోంచి బోర్డుకేసి చూసి, పైన సబ్జెక్టు పేరు తెలుగని వుందని నిర్ధారణ చేసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. వెనక బెంచీలోంచి ఒక పల్లెటూరి కుర్రాడు లేచి, "నొగ ఎత్తి చూడాలండీ" అన్నాడు.

వాణ్ణి ముందు బెంచీలోకి రమ్మన్నాను.